జోకు పేలకపోయినా ఫరవాలేని చోటు

పాట నేర్చుకునేవాళ్లు తలుపు వేసుకుని సాధన చేసుకోవచ్చు. శ్రుతి తప్పితే తంబూరా చెబుతుంది, గురువు సరిదిద్దుతాడు. కథ రాసేవాళ్లకు కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి ఉంది. నాటకం వేసేవాళ్లకు నెలల తరబడి రిహార్సల్స్ ఉన్నాయి. చేతిలో మైకు తప్ప మరే సరంజామా లేకుండా ఒంటరిగా నిలబడి నవ్వించాల్సిన స్టాండప్ కమెడియన్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు. రాసుకున్న మాట జోకయిందో లేదో గదిలో కూర్చుంటే తేలదు, అద్దం ముందు చెప్పుకున్నా తేలదు. ముక్కూ మొహం తెలియని పదిమంది ఒకచోట కూర్చుని వింటున్నప్పుడే తేలుతుంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పేటల్లోని చిన్న చిన్న బార్లలో వారానికో రాత్రి జరిగే ‘ఓపెన్ మైక్’ ఈ అవసరం తీర్చడం వల్లే ఇన్ని దశాబ్దాలుగా నిలిచింది. చాలామంది దాన్ని కొత్తవాళ్ల ప్రతిభా పోటీగానో, మందు తాగేవాళ్లకు ఉచిత కాలక్షేపంగానో చూస్తారు. నా దృష్టిలో అది నవ్వించే విద్యకు మిగిలిన ఒకే ఒక సాధన గది. ఖర్చు లేకుండా, అవమానం మిగలకుండా విఫలమయ్యే అవకాశమే అది ఇచ్చే అసలు సౌకర్యం. ఆ అవకాశాన్ని కాపాడుకున్నచోట హాస్యం ఎదుగుతుంది, పోగొట్టుకున్నచోట పాత జోకులే తిరిగి తిరిగి వస్తాయి.

ముందు ఆ రాత్రి ఎలా నడుస్తుందో చూద్దాం. న్యూయార్క్, షికాగో, లండన్ వంటి నగరాల్లో బార్లకు వారాంతంలో జనానికి లోటుండదు. సోమ, మంగళవారాల్లో మాత్రం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అలాంటి రాత్రుల్లో ఒక మూలనో వెనక గదిలోనో చిన్న స్పీకరు, మైకు పెట్టి, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చని ప్రకటిస్తారు. వచ్చినవాళ్లు జాబితాలో పేరు రాస్తారు. కొన్నిచోట్ల చీటీలు రాసి బకెట్లో వేసి, చేతికి అందిన వరసలో పిలుస్తారు. ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదు నిమిషాలు. గడువు దగ్గరపడగానే గది వెనకనుంచి ఒక లైటు వెలుగుతుంది, చాలాసార్లు అది హోస్ట్ చేతిలోని ఫోన్ లైటే. ఇక ముగించమని దానర్థం. దాన్ని చూసీ చూడనట్టు మాట్లాడుతూ పోయినవాళ్లకు మళ్లీ వచ్చినప్పుడు అంత ఆదరణ ఉండదు. పేర్లు పిలవడం, ఒకరి ‘సెట్’, అంటే వాళ్లు చెప్పిన జోకుల వరస, చప్పబడితే గదిని మళ్లీ తేరుకునేలా చేయడం హోస్ట్ పని. టికెట్ ఉండదు, పారితోషికం ఉండదు. ఒక డ్రింకైనా కొనాలన్న నియమం మాత్రం చాలాచోట్ల ఉంటుంది. వినేవాళ్లలో ఎక్కువమంది తమ వంతు కోసం నోటుబుక్కు తిరగేస్తూ కూర్చున్న తోటి కమెడియన్లు. మిగిలినవాళ్లు బీరు తాగడానికో, టీవీలో మ్యాచ్ చూడటానికో వచ్చినవాళ్లు. నవ్వించడానికి ఇంతకంటే ప్రతికూలమైన చోటు ఉండదనిపిస్తుంది. ఆ ప్రతికూలత ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే నవ్వు స్వభావం కొంత తెలియాలి.

అమెరికన్ నాడీశాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ తన విద్యార్థులతో కలిసి షాపింగ్ మాల్స్‌లో, క్యాంపస్‌లలో, వీధుల్లో మనుషులు సహజంగా నవ్విన 1,200 సందర్భాలను గమనించి రాసుకున్నారు. ఆ నవ్వులకు ముందు వచ్చిన మాటల్లో హాస్యం అనదగ్గవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ రోజూ మాట్లాడుకునే అతి మామూలు మాటలు. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి నవ్వడానికి దాదాపు 30 రెట్లు ఎక్కువ అవకాశం ఉందని కూడా ఆయన తేల్చారు. ఈ పరిశీలనలతో 2000లో ఒక పుస్తకమే వచ్చింది. అంతకు వందేళ్ల ముందు, 1900లో, ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ నవ్వు గురించి రాస్తూ, అది ఎప్పుడూ ఒక సమూహానికి చెందినదేనని వాదించాడు. మన నాట్యశాస్త్రం ఇంకా ముందే ఈ విషయాన్ని పట్టుకుంది. హాస్యరసంలో తాను నవ్వడాన్ని ఆత్మస్థమనీ, ఎదుటివాళ్లను నవ్వించడాన్ని పరస్థమనీ విడదీసింది. పెదవి విచ్చుకునే స్మితం నుంచి ఒళ్లు మరిచి నవ్వే అతిహసితం దాకా ఆరు మెట్లు చెప్పింది. ఈ మూడూ మూడు దారుల్లో వచ్చి చేరిన చోటు ఒకటే. నవ్వు మాటలో ఇమిడి ఉండదు, మనుషుల మధ్య పుడుతుంది. కాగితం మీద ఉన్నది జోకులో సగం మాత్రమే అయినప్పుడు, మిగతా సగాన్ని సాధన చేయడానికి మనుషులు కావాలి.

ఆ సాధనలో జరిగే పని చాలా సూక్ష్మమైనది. ముందు పరిస్థితిని పరిచయం చేసే సెటప్, ఆ తర్వాత ఊహించని వైపు తిప్పే పంచ్, ఆ వెంటనే అదే నవ్వును ఇంకాస్త సాగదీసే చిన్న తోక, దాన్ని వాళ్లు ‘ట్యాగ్’ అంటారు. సెటప్‌లో ఒక వాక్యం ఎక్కువైతే వినేవాళ్లు పంచ్‌ను ముందే ఊహించేస్తారు. ఒక వాక్యం తక్కువైతే విషయమే అందదు. పంచ్‌కు ముందు ఆగాల్సిన విరామం అర సెకనా, ఒక సెకనా అన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు, గది ఊపిరి బిగబట్టిన తీరే చెబుతుంది. అందుకే ఓపెన్ మైక్‌కు వచ్చేవాళ్లు తమ ఐదు నిమిషాలను ఫోన్‌లో రికార్డు చేసుకుంటారు. ఇంటికెళ్లి వింటూ, నవ్వు వచ్చిన చోట ఒక గుర్తు, రాని చోట మరో గుర్తు పెట్టుకుంటారు. రాని చోట మాట తీసేస్తారు, వరస మారుస్తారు, మర్నాడు ఇంకో బార్‌లో మళ్లీ చెబుతారు. కొన్నిసార్లు తాము జోకనుకున్నది పేలదు, దారిలో యథాలాపంగా అన్న మాటకు నవ్వు వస్తుంది. అప్పుడు ఆ మాటే జోకుకు మూలస్తంభమవుతుంది. ఈ తెలివి రచయిత బల్ల దగ్గర దొరకదు. వినేవాళ్లు ఆ జోకుకు సహరచయితలు, ఆ సంగతి వాళ్లకు తెలియకపోవచ్చు.

ఇది కొత్తవాళ్లకు మాత్రమే వర్తించే సంగతి అయితే ఓపెన్ మైక్‌ను ఒక తొలి మెట్టుగా చెప్పి వదిలేయవచ్చు. పేరు మోసినవాళ్ల చరిత్ర మరోలా ఉంది. జెర్రీ సైన్‌ఫెల్డ్ 1976లో న్యూయార్క్‌లోని క్యాచ్ ఎ రైజింగ్ స్టార్ క్లబ్బులో తొలిసారి మైకు ముందు నిలబడి, రాసుకున్నదంతా మరిచిపోయి, తన జోకుల అంశాల పేర్లు మాత్రం వరసగా చదివినట్టు చెప్పి దిగిపోయాడు. అది తొలి అడుగు గనక అర్థం చేసుకోవచ్చు. అయితే 1998లో, అప్పటికి అమెరికాలో ఎంతో పేరున్న కమెడియన్‌గా ఉండగా, ఆయన తన పాత జోకులన్నిటికీ సెలవిచ్చి, కొత్త సెట్ కోసం మళ్లీ చిన్న క్లబ్బుల బాట పట్టాడు. మధ్యలో మాట మరిచి కాగితం చూసుకున్న రాత్రులు, నవ్వు రాని నిమిషాలు 2002లో వచ్చిన ‘కమెడియన్’ అనే డాక్యుమెంటరీలో కనిపిస్తాయి. క్రిస్ రాక్ కూడా పెద్ద టూర్లకు ముందు న్యూజెర్సీలోని ఒక చిన్న క్లబ్బుకు పదే పదే వెళ్లి, పసుపు కాగితాల ప్యాడ్ చేతిలో పట్టుకుని, సగం ఉడికిన ఆలోచనలను ముందున్న కొద్దిమంది మీద పరీక్షించుకునేవాడు. వాటిలో ఎక్కువ భాగం పేలవు, పేలిన కొన్నే పెద్ద వేదిక దాకా వెళ్తాయి. స్టీవ్ మార్టిన్ తన 18 ఏళ్ల స్టాండప్ జీవితాన్ని లెక్కగట్టుకుంటూ, పదేళ్లు నేర్చుకోవడానికి, నాలుగేళ్లు మెరుగుపెట్టుకోవడానికి పోయాయనీ, గొప్ప విజయం చూసింది చివరి నాలుగేళ్లేననీ 2007లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. పేరు, డబ్బు, అనుభవం ఉన్నా కొత్త జోకు దగ్గర ఎవరైనా మళ్లీ కొత్తవాళ్లే. ప్రతిభ ఈ సాధనను వేగవంతం చేయగలదేమో గాని, దాన్ని తప్పించలేదు.

అలాంటప్పుడు సాధనకు మంచి హాలు, శ్రద్ధగా వినే ప్రేక్షకులు ఎందుకు ఉండకూడదని అడగవచ్చు. ఉండవచ్చు, వాళ్ల నవ్వు వల్ల తెలిసేది మాత్రం తక్కువ. టికెట్ కొన్నవాళ్లు నవ్వాలని నిశ్చయించుకుని వస్తారు. స్నేహితులు అభిమానంతో నవ్వుతారు. పేరున్న మనిషి వేదికెక్కితే నోరు విప్పకముందే సగం నవ్వు సిద్ధంగా ఉంటుంది. సోమవారం రాత్రి బార్‌లో కూర్చున్న అపరిచితుడికి ఈ మొహమాటాలేవీ లేవు. అతను తల తిప్పి చూశాడంటే ఆ మాటలో పట్టుందని అర్థం. ఈ కళ చరిత్రలో ముఖ్యమైన గదులన్నీ చిన్నవీ, సౌకర్యం తక్కువైనవీ కావడం యాదృచ్ఛికం కాదు. బడ్ ఫ్రీడ్‌మన్ 1963లో న్యూయార్క్‌లో పెట్టిన ఇంప్రావ్ ఒక కాఫీ హౌస్‌గా మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో క్లెమెంట్ వీధిలోని హోలీ సిటీ జూ వందమంది కూడా పట్టని గది, రాబిన్ విలియమ్స్ తొలి రోజుల్లో మైకు పట్టిన చోట్లలో అదొకటి. లండన్‌లో 1979లో మొదలైన కామెడీ స్టోర్ సోహోలోని ఒక స్ట్రిప్ క్లబ్బు భవనంలో నడిచింది. అక్కడ నచ్చని కమెడియన్‌ను గంట కొట్టి దింపేసేవాళ్లు, అలెక్సీ సేల్ హోస్ట్‌గా ఉండేవాడు. జాతి మీద, అత్తగారి మీద అరిగిపోయిన జోకులు చెప్పే పాత తరాన్ని పక్కకు నెట్టిన బ్రిటిష్ ‘ఆల్టర్నేటివ్ కామెడీ’ ఆ గది నుంచే ఊపందుకుంది. కొత్తది పుట్టడానికి ముందు బోలెడు చెత్త బయటికి రావాలి. అంత చెత్తను భరించే ఓపిక పెద్ద హాళ్లకు ఉండదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. తాగినవాళ్లు, తమ వంతు గురించే ఆలోచించే తోటి కమెడియన్లు, ఈ ఇద్దరిలో ఎవరి తీర్పును నమ్మాలి? తాగినవాడు బూతుకే నవ్వుతాడు. తోటి కమెడియన్ వెయ్యి జోకులు విన్నవాడు గనక, మామూలు జనానికి అర్థం కాని వింత మాటకే నవ్వుతాడు. వాళ్లను మెప్పించడానికి రాస్తే హాస్యం అటు మొరటుగానైనా, ఇటు గూటిలోపలి గుసగుసగానైనా మిగులుతుంది. ఈ అభ్యంతరంలో నిజముంది. ఒక్క రాత్రి, ఒక్క బార్ ఇచ్చే తీర్పు నిజంగానే నమ్మదగింది కాదు. ఓపెన్ మైక్ ఉపయోగం ఒక గదిలో లేదు, అనేక గదులు ఉండటంలో ఉంది. విద్యార్థులుండే పేటలో పేలిన జోకు కార్మికులుండే పేటలో పేలకపోవచ్చు. అప్పుడు లోపం జోకులో ఉందా, ఆ గదిలో ఉందా అన్న ప్రశ్న పుడుతుంది. న్యూయార్క్ కమెడియన్లు ఒకే సాయంత్రం రెండు మూడు మైకులు తిరగడానికి కారణం ఇదే. ఇరవై గదుల్లో పదిహేను చోట్ల నవ్వు వచ్చిన మాటలో ఏదో అందరికీ తగిలే సత్యం ఉంది. ఒకే ఒక్క మైకు ఉన్న ఊరిలో ఈ అభ్యంతరం పూర్తిగా చెల్లుతుంది. దానికి విరుగుడు ఆ మైకును మూయడంలో లేదు, రెండోదాన్ని తెరవడంలో ఉంది.

రెండో అభ్యంతరం కాలానికి సంబంధించింది. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని రీల్ చేసి లక్షలమందికి చేరవచ్చు, ఇక బార్ మూలన ఎందుకు నిలబడాలి అంటారు. రీల్స్ అవకాశాలను విస్తరించాయన్నది కాదనలేం. సిఫార్సు లేనివాళ్లు, మహానగరానికి దూరంగా ఉన్నవాళ్లు వాటి ద్వారానే వెలుగులోకి వచ్చారు. కానీ రీల్ కింద వచ్చే అంకెలు చూసినవాళ్ల సంఖ్య చెబుతాయి గాని, ఏ మాట దగ్గర నవ్వు మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పవు. నచ్చనివాడు నిశ్శబ్దంగా వేలితో పైకి తోసేస్తాడు, అతని ముఖం కమెడియన్‌కు కనిపించదు. పైగా ఎడిటింగ్‌లో నిశ్శబ్దాలను కత్తిరించవచ్చు. నిశ్శబ్దాన్ని కత్తిరించడం అలవాటైన మనిషి దాన్ని మోయడం నేర్చుకోడు. ప్రేక్షకులతో అప్పటికప్పుడు మాట్లాడే క్లిప్పులతో 2022లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మ్యాట్ రైఫ్‌ను దీనికి ఎదురు ఉదాహరణగా చూపిస్తారు. ఆయన టీనేజీ నుంచే వేదికలెక్కుతున్నాడు, ఆ క్లిప్పుల వెనక దాదాపు పదేళ్ల చిన్న గదుల శ్రమ ఉంది. ఫోన్ ఆ నైపుణ్యాన్ని లోకానికి చూపించింది, నేర్పింది మాత్రం గదులే.

మూడోది న్యాయానికి సంబంధించిన అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది కూడా. మైకు ముందు మాట్లాడేవాళ్లకు పైసా ఇవ్వకుండా, వాళ్లు తెచ్చిన జనానికి మద్యం అమ్ముకోవడం దోపిడీ కాదా? ఈ ప్రశ్నను చరిత్ర ఒకసారి గట్టిగానే అడిగింది. లాస్ ఏంజెలెస్ కామెడీ స్టోర్ 1970లలో అమెరికాలోనే ముఖ్యమైన వేదిక. యజమానురాలు మిట్జీ షోర్ కమెడియన్లకు డబ్బు ఇచ్చేది కాదు. ఇది వాళ్లకు కళాశాల వంటిది, పనిచేసే చోటు కాదన్నది ఆమె వాదన. అదే సమయంలో టికెట్లు అమ్ముడయ్యేవి, హాలు నిండేది. 1979లో టామ్ డ్రీసన్ నాయకత్వంలో కమెడియన్లు సమ్మెకు దిగారు. అప్పటికింకా పెద్ద పేరు రాని జే లెనో, డేవిడ్ లెటర్‌మన్ వంటివాళ్లు వాళ్ల పక్షాన నిలబడ్డారు. కొన్ని వారాల తర్వాత సెట్‌కు 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. ఈ ఘట్టం నేర్పే పాఠం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. మిట్జీ షోర్ మాటలో సగం నిజముంది, నేర్చుకునే గది అవసరమే. కానీ ప్రేక్షకుడి నుంచి ప్రదర్శన పేరిట డబ్బు తీసుకున్న క్షణం అది నేర్చుకునే గదిగా ఉండదు, ప్రదర్శనశాల అవుతుంది. అప్పుడు ప్రదర్శించినవాళ్లకు వాటా ఇవ్వడం దయ కిందికి రాదు, అది బాకీ. టికెట్ లేని సోమవారం రాత్రి మైకులో ఎవరూ ఎవరికీ బాకీ లేరు. కొత్తవాళ్లు తలకు ఇంతమంది స్నేహితులను వెంట తెస్తేనే వేదికెక్కనిస్తామనే ‘బ్రింగర్’ పద్ధతి ఈ గీతను చెరిపేస్తుంది. అది సాధన పేరుతో చేసే టికెట్ల వ్యాపారం, అపరిచితుల తీర్పు స్థానంలో స్నేహితుల మొహమాటాన్ని కూర్చోబెడుతుంది కాబట్టి సాధనకూ పనికిరాదు.

నాలుగో అభ్యంతరం నేటి రోజుల్లో ఎక్కువగా వినిపిస్తోంది. విఫలమయ్యే స్వేచ్ఛ అనే మాట చాటున మనుషులను గాయపరిచే స్వేచ్ఛను అడుగుతున్నారా? కులం మీద, మతం మీద, ఆడవాళ్ల శరీరం మీద నోటికొచ్చింది అని, ‘ఇంకా చిత్తుప్రతే’ అంటే సరిపోతుందా? సరిపోదు. 2006లో లాస్ ఏంజెలెస్‌లోని లాఫ్ ఫ్యాక్టరీ క్లబ్బులో నటుడు మైకేల్ రిచర్డ్స్ తనకు అడ్డుతగిలిన నల్లజాతి ప్రేక్షకులను జాతి దూషణతో తిట్టాడు. ఫోన్‌లో తీసిన ఆ వీడియో ఆయన స్టాండప్ జీవితాన్ని దాదాపు ముగించింది. అక్కడ పరీక్షకు పెట్టిన జోకు లేదు, ఎదుట కూర్చున్న మనిషి మీద విసిరిన తిట్టు ఉంది. ఈ రెండింటికీ తేడా గుర్తించడం అంత కష్టమేమీ కాదు. తప్పిన జోకు వేదిక మీదున్నవాణ్ణి చిన్నబుచ్చుతుంది, తిట్టు వినడానికి వచ్చినవాణ్ణి చిన్నబుచ్చుతుంది. ఆ గీత దాటినప్పుడు మైకు తీసుకోవడం హోస్ట్ హక్కు, బాధ్యత కూడా. అయితే గీత దాటకముందే పోలీసులను పిలిచే ధోరణి అంతకంటే ప్రమాదకరం. అమెరికన్ కమెడియన్ లెనీ బ్రూస్‌ను 1964లో న్యూయార్క్ కోర్టు అశ్లీలం పేరిట దోషిగా తేల్చింది, ఆయన 1966లో మరణించాడు, క్షమాభిక్ష 2003లో వచ్చింది. మన దేశంలో కమెడియన్ మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లోని ఒక కెఫేలో ప్రదర్శన దగ్గర అరెస్టు చేశారు. నెలకు పైగా జైల్లో ఉన్నాక ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు తాత్కాలిక బెయిల్ ఇచ్చింది. మొరటు జోకుకు అందరికన్నా కఠినమైన శిక్ష గదిలోని నిశ్శబ్దం. ఆ శిక్ష పడ్డ జోకు మర్నాటి సెట్‌లో చాలాసార్లు కనిపించదు. సెన్సారు ఆపిన జోకును మాత్రం చెప్పినవాడు జీవితాంతం గొప్పదే అనుకుంటాడు.

చివరి అభ్యంతరం బార్ అనే చోటు గురించే. మద్యం ఉన్న గదిలోకి అందరూ రాలేరు. అమెరికాలో 21 ఏళ్లు నిండనివాళ్లకు చాలాచోట్ల ప్రవేశమే ఉండదు. రాత్రి పొద్దుపోయాక మగవాళ్లతో నిండిన గదిలో ఆడవాళ్లు మైకు పట్టడం ఎంత కష్టమో అక్కడి కమెడియన్లు చాలామందే చెప్పారు. మిట్జీ షోర్ 1978లో కామెడీ స్టోర్‌లో ఆడవాళ్ల కోసం ‘బెల్లీ రూమ్’ అనే చిన్న గదిని విడిగా తెరవాల్సి రావడం ఆ అసమానతకు నిదర్శనం. నేను ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ఓపెన్ మైక్‌కు కావలసిన దినుసులు మూడే: అపరిచితులు, తక్కువ సమయం, నష్టం లేని వైఫల్యం. వాటిలో మద్యం లేదు. ఖాళీ రాత్రులను నింపుకోవాల్సిన అవసరం బార్‌కు ఉంది గనక అక్కడ మైకు నిలిచింది. అదే పనిని కాఫీ హౌస్, గ్రంథాలయం, కాలేజీ క్యాంటీన్ కూడా చేయగలవు.

తెలుగువాళ్లకు ఈ చర్చ పరాయిది కాదు. వినేవాళ్ల ముందే, వినేవాళ్లతో కలిసి రచన చేయడం మనకు పాత అలవాటు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పని అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే. ఆ అడ్డుతగిలే ప్రశ్నకు చమత్కారంగా బదులిచ్చి, మళ్లీ పద్యపాదం దగ్గరికి రావడం అవధాని సామర్థ్యానికి పరీక్ష. బుర్రకథలో కథకుడికి ఒకవైపు రాజకీయం చెప్పే వంత, మరోవైపు హాస్యం చెప్పే వంత ఉంటారు. జనం నిద్రమొహాలు చూసి హాస్యగాడు అప్పటికప్పుడు ఊళ్లో సంగతి ఎత్తుకుంటాడు. ఇటీవలి కాలంలో మన హాస్యం ఎక్కువగా సినిమా ట్రాకులకు, 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్ వంటి స్కిట్ కార్యక్రమాలకు మళ్లింది. వాటిలో గొప్ప నటులు వచ్చారు, ఎన్నో పేద కుటుంబాల పిల్లలకు జీవనోపాధి దొరికింది. కానీ టీవీ ప్రతి వారం కొత్త స్కిట్ అడుగుతుంది. ఒక జోకును నెలల తరబడి సానబెట్టే తీరిక అక్కడ లేదు. తీరిక లేని చోట రచయిత తప్పకుండా పేలుతుందని తెలిసిన సరుకు దగ్గరికే వెళ్తాడు. మగవాడికి ఆడవేషం, భార్య మీద ఎత్తిపొడుపు, శరీరాకృతి మీద వెక్కిరింత అన్నిసార్లు తిరిగి రావడానికి ఇదొక కారణం.

హైదరాబాద్‌లో ఇలాంటి సాధన గదులు మొదలయ్యాయి. 2010లో బంజారాహిల్స్‌లో ఆరంభమైన లామకాన్ వంటి వేదికల్లో, నగరంలోని కెఫేల్లో ఓపెన్ మైక్‌లు జరుగుతున్నాయి. ఇంగ్లిష్, హిందీల వెనకే తెలుగు కూడా ఆ మైకుల ముందుకు వచ్చింది. తెలుగులో స్టాండప్‌కు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఇంగ్లిష్ క్లబ్బులు తేల్చిపెట్టలేవు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. నవ్వు తెప్పించే మాట క్రియకు ముందే వచ్చేస్తే, వాక్యం పూర్తయ్యేసరికి నవ్వు చల్లారుతుంది. ఆ మాటను చివరికి తేవడానికి వాక్యాన్ని ఎంత తిప్పితే సహజంగా ఉంటుందో చెవులే తేల్చాలి. తెలంగాణ మాటలో ఎగిరిపడ్డ పంచ్ విశాఖలో అలాగే ఎగురుతుందా? గోదావరి వెటకారం కరీంనగర్‌లో మర్యాదలా వినిపిస్తుందా? ఎంత ఇంగ్లిష్ కలిపితే సొంత మనిషిలా ఉంటుంది, ఎంత కలిపితే దూరమవుతాడు? కులం గురించి, కోచింగ్ సెంటర్ల గురించి, అమెరికా వీసా గురించి ఎవరినీ కించపరచకుండా అందరినీ నవ్వించడం ఎలా? వీటికి సమాధానాలు హైదరాబాద్ ఒక్కచోటే దొరకవు. విజయవాడ, వరంగల్, విశాఖ, తిరుపతిలలో వారానికో సాయంత్రం ముప్పై కుర్చీలు, ఒక మైకు ఉంటే కొన్నేళ్లలో తయారవుతాయి.

ఇందుకు కావలసిన ఖర్చు స్వల్పం, కావలసిన సంస్కారం మాత్రం పెద్దది. గది యజమాని మంచి రాత్రి కోసం ఎదురుచూడకుండా మైకును ప్రతి వారం తెరవాలి, ఎందుకంటే సాధన క్రమం తప్పితే నిలవదు. హోస్ట్ సమయాన్ని సమంగా పంచాలి, ఆడవాళ్లకు, తొలిసారి వచ్చినవాళ్లకు ఆ గది క్షేమమైనదని తన ప్రవర్తనతో చూపాలి. మైకు పట్టినవాళ్లు తమ ఐదు నిమిషాలు ఇంట్లో పనిచేసి తీసుకురావాలి, విఫలమయ్యే స్వేచ్ఛ సిద్ధం కాకుండా వచ్చే సోమరితనానికి లైసెన్సు కాదు. వినేవాళ్ల వంతు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎదుటివాడి తప్పిన మాటను ఫోన్‌లో తీసి లోకానికి పంచకూడదు. కొన్ని పెద్ద ప్రదర్శనల్లో ఫోన్లను సంచుల్లో పెట్టించి తాళం వేయిస్తున్నారు, చిన్న గదుల్లో ఆ పని మర్యాద చేయాలి. జాలితో నవ్వనక్కర్లేదు, అబద్ధపు నవ్వు సాధన చేసేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. నచ్చితే మనసారా నవ్వాలి, నచ్చకపోతే ఊరకే ఉండి తర్వాతి పేరు వినాలి. తప్పిన ప్రతి జోకును వెంటనే శిక్షించే సమాజానికి నిజం చెప్పే హాస్యగాళ్లు దొరకరు, భయపడి పాత జోకులు చెప్పేవాళ్లే మిగులుతారు. మన భాషలో మనల్ని మనం చూసి నవ్వుకోగలిగేలా చేసే మనుషులు కావాలంటే, వాళ్లు తడబడుతూ నేర్చుకునే రోజుల్లో ఆ ముప్పై కుర్చీల్లో ఒకదాంట్లో మనం కూర్చోవాలి.